‘ఆటో వద్దు, నడిచి పోతా’ అంటోంది మా పాప

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది కోసిగి దగ్గర పల్లె. పోయిన ఏడు కర్నూలుకు వచ్చి కల్లూరులో బాడుగకు ఉంటున్నాము. మా ఆయన మార్కెట్ యార్డులో హమాలీ, చీకటితోనే పోతాడు. నేను బట్టల షాపులో చేస్తాను, ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగో తరగతి. ఊళ్లో బడి మా ఇంటి వెనకే ఉండేది. ఇక్కడ రెండు కిలోమీటర్ల పైనే. ఈ జూన్‌లో బడులు తెరిచినప్పటి నుంచి ఒక ఆటో మాట్లాడి పంపుతున్నాము. అందులో మొత్తం పదకొండు మంది పిల్లలు. బాబుకు డ్రైవర్ పక్కన కూర్చోవడం ఇష్టం. వాట్సాప్‌లో పిల్లలను ఎత్తుకెళ్లేవాళ్ల వీడియోలు వస్తున్నాయి, అవి చూశాక నాకు షాపులో కాలు నిలవడం లేదు. పాపేమో వారం నుంచి ‘ఆటో వద్దు, నడిచి పోతా’ అని మొండికేస్తోంది. రెండు దెబ్బలు వేస్తే ఎక్కింది. మా అత్త పిల్లలకు భయం ఉంటేనే దారిలో ఉంటారంటుంది. మా ఆయన అయితే ‘ఇంత టెన్షన్ ఎందుకు, పాపను ఈ ఏటితో మాన్పిద్దాం’ అంటున్నాడు. తక్కువ మందిని ఎక్కించుకునే ఆటో ఉంది కానీ ఒక్కొక్కరికి నెలకు నాలుగు వందలు ఎక్కువ. పిల్లలు క్షేమంగా బడికి పోయి రావాలంటే వాళ్లకు ఏమేం నేర్పాలి?
— ఒక తల్లి, కర్నూలు

జవాబు: అమ్మా, ఏమేం నేర్పాలి అని అడిగారు. దానికి వస్తాను. ముందు మీ ఉత్తరంలో మీరు గబగబా దాటేసిన మాట ఒకటుంది. పాప ఆటో ఎక్కనంటోందని, రెండు దెబ్బలు వేస్తే ఎక్కిందని రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను మీ పక్కింట్లో ఉండి ఉంటే ఆ సాయంత్రమే వచ్చి ఆ పిల్ల దగ్గర కూర్చునేదాన్ని.

ఎనిమిదో తరగతి పిల్ల, కర్నూలు ఎండలో, పుస్తకాల సంచి మోసుకుంటూ రెండు కిలోమీటర్లు నడుస్తానంటోంది. బద్ధకం ఉన్న పిల్ల అడిగే కోరికేనా ఇది? ఏదో ఉంది. అది పెద్ద సంగతే కానక్కర్లేదు. ఆ ఇరుకులో, పొగలో కడుపు తిప్పుతుండవచ్చు. నెలసరి రోజుల్లో మగపిల్లల మధ్య ఒరుసుకుని కూర్చోవాలంటే, గౌనుకు మరక అవుతుందేమోనని కుంచించుకుపోతుండవచ్చు. పల్లె నుంచి వచ్చింది కదా, ఆమె మాటను తోటి పిల్లలు వెక్కిరిస్తుండవచ్చు. పట్నం పిల్లలకు ఆ పని బాగా చేతనవుతుంది. డ్రైవర్ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని నడుపుతుంటే గుండెలు అరచేతిలో పెట్టుకుని కూర్చుంటుండవచ్చు. లేదంటే డ్రైవరో, అతని పక్కన ఎక్కే ఇంకొకడో, చేయి వేయకూడని చోట వేస్తుండవచ్చు. ఇందులో ఏది నిజమో మీకూ నాకూ తెలియదు. తెలిసింది పాప ఒక్కతికే. ఆమె చెప్పబోయే లోపే దెబ్బ పడింది.

కాబట్టి మొదటి పని పాపతో మాట్లాడటం. ఎలా మాట్లాడాలన్నది ముఖ్యం. ఎదురుగా కూర్చోబెట్టుకుని ‘ఏమైంది, ఎవరేం చేశారు, చెప్తావా లేదా’ అని అడిగితే పోలీసు స్టేషన్‌లా ఉంటుంది, పిల్ల బిగుసుకుపోతుంది. రాత్రి తల దువ్వుతున్నప్పుడో, ఇద్దరూ కలిసి ఉతికిన బట్టలు మడిచేటప్పుడో, చేతులకు పని ఉన్న వేళ చూసుకోండి. మొహాలు ఎదురెదురుగా లేనప్పుడు పిల్లలకు మాట తేలిగ్గా వస్తుంది. అత్తా, బాబూ దగ్గర లేకుండా చూడండి. ముందుగా ‘మొన్న కొట్టాను, అది తప్పే’ అనండి. ఆ మాటకు తల్లి స్థానం ఏమీ తగ్గదు. తర్వాత చిన్న చిన్న ప్రశ్నలు వేయండి. ఆటోలో నువ్వు ఎక్కడ కూర్చుంటావు? నీ పక్కన ఎవరు? అందరికంటే ముందు ఎవరు దిగుతారు, చివర దాకా ఎవరు ఉంటారు? దారిలో ఎక్కడైనా ఆపుతాడా? ఈ ప్రశ్నల్లో ఎవరి మీదా నింద లేదు. కానీ జవాబులు వస్తూ ఉంటే అసలు సంగతి అందులోనే బయటపడుతుంది. ‘చివర దాకా నేనొక్కదాన్నే ఉంటా’ అన్న ఒక్క జవాబు చాలు మీకు, ఆటో సంగతి ఆలోచించడానికి.

ఒక జాగ్రత్త. ‘ఎవరికీ చెప్పను, ఒట్టు’ అని మాట ఇవ్వకండి. రేపు చెప్పాల్సి వస్తే పాప దృష్టిలో మీరు అబద్ధాలకోరు అవుతారు. ‘నీకు చెప్పకుండా ఏమీ చేయను, నిన్ను మాత్రం తిట్టను’ అనండి, ఆ మాట నిలబెట్టుకోగలరు. మొదటి రోజు ఏమీ చెప్పకపోతే వదిలేయండి. రెండు రోజులాగి మళ్లీ జడ వేయండి.

ఏమీ చెప్పకపోయినా సరే, వద్దన్న ఆటో ఎక్కించవద్దు. కారణం రుజువైతేనే మారుస్తానంటే ఎలా?

భగవంతుడు అలా జరగనివ్వకూడదు గానీ, ఎవరో తాకారనో, ఫోన్‌లో ఏవో చూపించారనో చెప్పిందే అనుకోండి. అప్పుడు మీరు ఏడవకుండా, అరవకుండా వినడం పెద్ద సాయం. ‘నువ్వు ముందే ఎందుకు చెప్పలేదు’ అన్న ప్రశ్న మాత్రం నోట రానివ్వొద్దు. ‘చెప్పి మంచి పని చేశావు’ అనండి. ఆటో డ్రైవర్ ఇంటి మీదికి నలుగురిని వేసుకుని వెళ్లకండి. గలాటాలో పాప పేరు వీధంతా పాకుతుంది, కేసు బలహీనమవుతుంది. 1098కి ఫోన్ చేయండి, అది పిల్లల కోసం పెట్టిన ఉచిత నంబర్, రాత్రి పగలు పనిచేస్తుంది. వెంటనే సాయం కావాలంటే 112. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలందరికీ, ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా, లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లోనే వచ్చింది. సాక్ష్యాలు మీరు సంపాదించి తేవాల్సిన పని లేదు, అది పోలీసుల పని. పాప మాటను ఇంట్లోనో, ఆమె కోరుకున్న చోటో నమోదు చేయాలి. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాం వేసుకుని రాకూడదు. పిల్లను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. పేరు, బడి, ఇంటి ఆచూకీ పత్రికల్లో రాకూడదు. కేసు కాగితం తెస్తేనే చూస్తామని ఏ ఆసుపత్రీ అనకూడదు. తెలిసీ చెప్పకుండా దాచడం కూడా ఆ చట్టంలో నేరమే. ‘మనవాడే, పోనీలే’ అని బడి యాజమాన్యం సర్దిచెప్పబోతే ఈ ముక్క వాళ్లకు గుర్తు చేయండి.

ఇంత రాశానని మీ ఆటో డ్రైవర్‌ను దొంగను చూసినట్టు చూడకండి. చాలామంది డ్రైవర్లు తమ పిల్లలను కూడా అదే ఆటోలో వేసుకుని తిప్పుకునే తండ్రులు. బడి మూసేశారని తెలియక గేటు దగ్గర ఏడుస్తున్న పిల్లలను ఇంటి దాకా దింపి, పైసా తీసుకోని వాళ్లను నేను చూశాను. డ్రైవర్ మంచివాడైనా పదకొండు మంది మాత్రం ఎక్కువే.

ఇప్పుడు అత్త మాట. పిల్లలకు భయం ఉండాలంటున్నారు. వాహనమంటే భయం ఉండాలి, కాలువంటే ఉండాలి, కరెంటు స్తంభమంటే ఉండాలి. అమ్మంటే ఉంటే మాత్రం చిక్కే. కుక్క సంగతే తీసుకోండి. మన కర్నూలు వీధుల్లో కుక్కలకు కొదవ లేదు. బడి నుంచి వస్తూ పిల్లాడు కుక్క మీద రాయి వేస్తాడు, అది మీద పడి కాలి మీద గీరుతుంది. ఇంటికొస్తే ‘నీకు రాళ్లెందుకురా’ అని వీపు పగులుతుందని వాడికి తెలుసు. ప్యాంటు కిందికి లాక్కుని ముళ్లకంప గీరిందంటాడు. రేబిస్ ఒకసారి పైకి తేలాక దానికి మందు లేదు. కరిచిన వెంటనే గాయం కడిగి, టీకాలు పూర్తిగా వేయిస్తే ఆ జబ్బు దాదాపు రాదు. ఇంట్లో తిట్లకు జడిసి నోరు మూసుకుంటే పోయేది ఆ టీకా వేయించుకునే రోజు. మీ బాబుకు ఈ రోజే చెప్పండి: కుక్క గాని, పిల్లి గాని, కోతి గాని కరిచినా, గీరినా, పరుగున వచ్చి చెప్పు, ఎవరూ కొట్టరు అని. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు ఏదీ పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి, టీకా ఉచితం. మొదటి సూది తర్వాత గాయం మంటా నొప్పీ తగ్గాయని మిగతా సూదులు ఎగ్గొట్టకండి, డాక్టర్ రాసిన తేదీలన్నీ పూర్తి చేయాలి.

అత్తకు ఇది చెప్పేటప్పుడు వాదనలా చెప్పకండి. ఆమె కాలంలో బడి ఇంటి వెనకే ఉండేది, దారిలో ఉన్న ప్రతి మనిషీ చుట్టమే. పిల్ల తప్పు చేస్తే సాయంత్రానికల్లా ఊరే మోసుకొచ్చి చెప్పేది. కల్లూరులో ఎవరు వచ్చి చెబుతారు? పిల్లలే చెప్పాలి.

వాట్సాప్ వీడియోల సంగతి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే మీ నిద్ర పాడు చేసినంతగా వాటికి విలువ లేదు. ఎక్కడివో, ఏ దేశానివో తెలియని వీడియోలకు ‘మన కర్నూలులోనే’ అని ఎవరో గొంతు తగిలిస్తారు. 2018 వేసవిలో ఇలాంటి వదంతులే తెలుగు రాష్ట్రాల్లో పాకి, ఏ పాపం ఎరగని బాటసారులు, బిచ్చగాళ్లు దెబ్బలు తిన్నారు. ఆ వీడియోలను ఇంకొకరికి పంపకండి. ప్రభుత్వం ఏటా విడుదల చేసే నేరాల లెక్కలు చూస్తే పిల్లల మీద జరిగే లైంగిక నేరాల్లో నిందితులు చాలావరకు పిల్లకు తెలిసినవాళ్లే. చుట్టం, పక్కింటివాడు, ట్యూషన్ చెప్పేవాడు, రోజూ దింపేవాడు. ‘కొత్తవాళ్లతో మాట్లాడొద్దు’ అని మాత్రమే నేర్పితే ఇలాంటివాళ్ల విషయంలో పిల్లలకు ఏమీ నేర్పనట్టే. పైగా దారి తప్పిన పిల్ల ఎవరో ఒక కొత్తమనిషినే సాయం అడగాలి కదా.

అందుకని మనిషిని బట్టి కాకుండా పనిని బట్టి నేర్పండి. ఎవరైనా సరే, మామ అయినా సరే, బట్టల లోపల చేయి పెట్టకూడదు, నీ చేత పెట్టించకూడదు. ‘ఇది మనిద్దరి మధ్యే, అమ్మకు చెప్పొద్దు’ అన్న ప్రతి మాటా అమ్మకు చెప్పాల్సిన మాటే. ‘మీ అమ్మకు బాగా లేదు, నన్ను పంపింది, రా’ అని ఎవరైనా బడి దగ్గరికి వస్తే, మన ఇంటి గుట్టు మాట అడుగు. ఆ మాట ఏదో బాబునే పెట్టమనండి. బొరుగులు అంటాడో, చుక్కల దూడ అంటాడో, వాడి ఇష్టం. వాడు పెట్టిన పేరైతే వాడు మరిచిపోడు. మీరు నిజంగా ఎవరినైనా పంపాల్సి వస్తే ఆ మాట చెప్పి పంపుతారు. చెప్పలేకపోతే వాడు వెనక్కి తిరిగి బడిలోకే పరుగెత్తాలి. మీ ఫోన్ నంబర్, మీ ఆయన నంబర్ ఇద్దరికీ నోటికి రావాలి, ఎక్కాల్లాగా పాడిస్తే వస్తాయి. చీటీ రాసి సంచి లోపలి జేబులో పెట్టండి. సంచి పైన మాత్రం పేరు పెద్ద అక్షరాలతో రాయొద్దు. దారిన పోయేవాడు పేరు పెట్టి పిలిస్తే పిల్లలు తెలిసినవాడే అనుకుంటారు.

ఇక ఆటో. నన్నడిగితే మీ పిల్లలకు ఎత్తుకెళ్లేవాడి కంటే ఈ పదకొండు మంది ఆటో వల్లే ఎక్కువ ముప్పు, రోజుకు రెండుసార్లు. మామూలు ఆటోకు పర్మిట్ డ్రైవర్ కాక ముగ్గురికి. చిన్నపిల్లలు కదా, ఒకరిద్దరు ఎక్కువైతే ఏం అంటారు. పదకొండు మంది, పదకొండు సంచులు. డ్రైవర్ సీటుకు రెండు పక్కలా ఇద్దరు, వెనక సీటు ముందు అడ్డంగా వేసిన చెక్క మీద నలుగురు, సంచులన్నీ బయట కొక్కేలకు. ముందు ఒకటే చక్రం ఉన్న బండి అది. బరువు పైకి పెరిగేకొద్దీ మలుపులో ఒక పక్కకు ఒరుగుతుంది, కల్లూరు నుంచి వచ్చే దారిలో మలుపులకు తక్కువేమీ లేదు. చెన్నమ్మ సర్కిల్ దగ్గర, నంద్యాల చెక్‌పోస్టు దగ్గర పొద్దున ఎనిమిదిన్నరకు లారీలు, బస్సులు, బైకులు ఎలా దూసుకొస్తాయో మీరు రోజూ చూస్తూనే ఉంటారు. బాబుకు ఇష్టమైన ఆ ముందు చోటైతే మరీ ప్రమాదం. బ్రేక్ వేస్తే పట్టుకోవడానికి వాడికి డ్రైవర్ చొక్కా తప్ప ఏమీ ఉండదు. డ్రైవర్ మోచేయి ఆడడానికి చోటుండదు, హ్యాండిల్ సరిగా తిరగదు. వాడు ఎంత ఏడ్చినా సరే, ముందు సీటు వద్దు.

కొత్త ఆటో మాట్లాడే ముందు ఒకసారి బండి చుట్టూ తిరిగి చూడండి, అందులో మొహమాటం లేదు. కుడివైపు కమ్మీ ఉందా? పిల్లలు రోడ్డు వైపు దిగకుండా ఆపేది అదే. టైర్లు నున్నగా అరిగిపోయాయా? బండి నంబర్ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఎం-పరివాహన్ యాప్‌లో ఆ నంబర్ కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటి దాకా ఉన్నాయో చూపిస్తుంది. డ్రైవర్ లైసెన్స్ ఫోటో, ఇంటి చిరునామా తీసుకోండి. మంచివాడైతే కోప్పడడు, ఇంకా సంతోషిస్తాడు. అతనికి బదులు వేరేవాళ్లు వచ్చే రోజు ముందు రోజే ఫోన్ చేసి చెప్పాలని ఒప్పందం చేసుకోండి. చెప్పకుండా వేరే మనిషి వస్తే పిల్లలు ఎక్కకూడదు. దారిలో టీ అంగడి దగ్గర పిల్లలను కూర్చోబెట్టి దిగిపోయే అలవాటు ఉంటే ఆ బండి వద్దు. బడి బస్సులకైతే ఏటా బడులు తెరిచే ముందు ఫిట్‌నెస్ చేయించాలన్న నిబంధన ఉంది, జూన్‌లో రవాణా శాఖవాళ్లు ఆపి చూస్తుంటారు. ఆటోల మీద ఆ చూపు అంతగా పడదు. చూసుకోవాల్సింది మనమే.

బడి విడిచే వేళ గేటు ముందు పది నిమిషాలు కూడా అంతే. గంట కొట్టగానే పిల్లలు గుంపుగా ఉరుకుతారు, ఆటోలు రోడ్డుకు అటువైపు ఆగి ఉంటాయి, అమ్మలు ఇటువైపు. అటువైపు నుంచి ‘రారా బాబూ’ అని ఒక్క కేక వేస్తే వాడు కుడి ఎడమలు చూడడు, కేక వచ్చిన వైపే పరుగెడతాడు. అటువైపు నుంచి పిల్లలను పిలవొద్దు. మనమే రోడ్డు దాటి వెళ్లాలి. ఆటో కూడా గేటు వైపే ఆగాలని డ్రైవర్‌తో చెప్పండి. నలుగురు తల్లిదండ్రులు కలిసి హెడ్మాస్టర్‌ను అడిగితే చిన్న తరగతులను పది నిమిషాలు ముందు వదలడం ఏ బడికీ కష్టం కాదు. మీ ఆయన సెలవు రోజున బైకు మీద దింపుతున్నాడా, రాయలేదు గానీ, దింపితే ఇద్దరికీ హెల్మెట్ ఉండాలి. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ అది చట్టం. ట్యాంకు మీద కూర్చోబెట్టుకోవద్దు.

పాప నడవడం గురించి నాకు అభ్యంతరం లేదు. ఒంటరిగా కాకుండా, మీ వీధి నుంచి అదే బడికి పోయే ఆడపిల్లలు ముగ్గురు నలుగురు ఉంటే. ముందు ఒకసారి మీరు ఆమెతో నడవండి. ఆదివారం వద్దు, రోడ్డు ఖాళీగా ఉంటుంది, అది చూసి మోసపోతారు. షాపులో ఒక పూట సెలవు అడిగి, బడి ఉన్న రోజు బడి వేళకే నడవండి. ఫుట్‌పాత్ లేని చోట రోడ్డుకు కుడిపక్కన, ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా నడవాలి. దగ్గరని సందుల్లోంచి పోవద్దు, మనుషులు తిరిగే దారే పోవాలి. దారిలో రెండు అంగళ్లు గుర్తు పెట్టుకోండి, ఒక మెడికల్ షాపు, ఆడమనిషి కూర్చునే ఒక కిరాణా కొట్టు. లోపలికి వెళ్లి ‘మా పాప రోజూ ఈ దారినే పోతుంది’ అని పరిచయం చేయండి. ఎవరైనా వెంటపడినా, కళ్లు తిరిగినా, వాన పట్టుకున్నా ఆ కొట్టులోకి పోయి నిలబడి మీకు ఫోన్ చేయించుకుంటుంది.

సంచి బరువు కూడా చూడండి. పిల్ల బరువులో పదో వంతు దాటకూడదని 2020లో కేంద్రం ఇచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. నలభై కిలోల పిల్లకు నాలుగు కిలోలు. టైమ్ టేబుల్ చూసి సర్దితే చాలు. ఏ రోజుకారోజు తీసి సర్దే ఓపిక లేక అన్నీ వేసుకుపోతారు.

ఇంకొక చిన్న సంగతి, ఆడపిల్ల తల్లికి చెప్పాల్సింది. సాయంత్రం సంచిలోంచి నీళ్ల సీసా తీసి చూడండి. పొద్దున నింపింది నింపినట్టే తిరిగొస్తే, పాపకు దాహం లేక అనుకోకండి. బడిలో మరుగుదొడ్డికి గొళ్లెం లేదనో, నీళ్లు రావనో, అటువైపు పెద్ద మగపిల్లలు నిలబడతారనో నీళ్లే తాగకుండా ఉంటుండవచ్చు. ఈ ఎండల్లో అలా బిగబట్టుకుంటే మూత్రంలో మంట, జ్వరం, వడదెబ్బ. ఇది అడగడానికి సిగ్గుపడొద్దు. బడికి వెళ్లి మరుగుదొడ్డి మీ కళ్లతో చూడండి. గొళ్లెం ఖరీదు ఎంత? దానికోసం పిల్లలు చదువు మానేసిన బడులున్నాయి. నెలసరి వస్తే ఎవరిని అడగాలో, ప్యాడ్లు ఎక్కడుంటాయో పాపకు తెలుసా అని కూడా కనుక్కోండి.

బాబు గురించి: పల్లెలో బావిలో ఈత నేర్చుకున్న పిల్లలకు పట్నం కాలువ చూస్తే కాలు ఆగదు. కె.సి. కాలువకు నీళ్లు వదిలాక అది బావి కాదు, లాక్కుపోతుంది. గట్టు పట్టుకుందామంటే సిమెంటు మీద చేయి జారుతుంది. హంద్రీ నది అయితే మామూలు రోజుల్లో మురుగు కాలువలా ఉంటుంది గానీ, ఎగువన వాన పడితే ఇక్కడ చినుకు లేకుండానే పొంగుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్రా అదీ కలిసి ఊరిని ముంచిన సంగతి కర్నూలులో ఎవరినడిగినా చెబుతారు. పెద్దవాళ్లు తోడు లేకుండా నీళ్ల దగ్గరికి పోవద్దు. ఎవడైనా మునుగుతుంటే దూకొద్దు, తువ్వాలో కర్రో అందించి గట్టిగా అరవాలి. ఈతొచ్చిన పిల్లలే స్నేహితుడి కోసం దూకి పోతున్నారు.

ఇప్పుడు మీ ఆయన మాట. పాపను మాన్పించడం. దీనికి మాత్రం నేను మెత్తగా చెప్పలేను. మాన్పిస్తే పాప ఎక్కడ ఉంటుంది? మీరు రాత్రి ఎనిమిదికి వస్తారు, ఆయన ఏ వేళకు వస్తాడో రాయలేదు. మోకాళ్ల నొప్పులో, మధ్యాహ్నం నిద్రో, మీ అత్త ఎంతసేపని కాపలా కాస్తుంది? పొద్దంతా బాడుగ ఇంట్లో పదమూడేళ్ల పిల్ల. బడిలో అయితే టీచర్లు, స్నేహితులు, హాజరు పట్టీ ఉన్నాయి. ఒక రోజు రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లుంటారు. ఇంట్లో కూర్చోబెట్టిన పిల్లకు ఆ అడిగేవాళ్లే ఉండరు. ఆ తర్వాత ఏమవుతుందో కోసిగి వైపు వాళ్లకు నేను చెప్పాలా? రెండేళ్లు ఇంట్లో ఉంటే ‘ఇంకెందుకు, సంబంధం చూద్దాం’ అంటారు. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే అది నేరం. సుగ్గికని, అంటే వలస కూలికని, గుంటూరు మిరప తోటలకు పిల్లలను వెంటేసుకుపోయి చదువు పోగొట్టుకున్న ఇళ్లు మీ ఊళ్లో ఎన్నో మీ ఆయనకు బాగా తెలుసు. అలా కాకూడదనే కదా కర్నూలుకు వచ్చి బస్తాలు మోస్తున్నాడు. ఈ మాట మీరు చెప్పండి, నా పేరు చెప్పి చెప్పినా సరే. ఆటో బాగాలేదని బడి మాన్పిస్తే దండన పడేది పాపకు. ఆటోవాడు ఇంకొకరి పిల్లను ఎక్కించుకుంటాడు.

చివరికి డబ్బు. ఇద్దరికీ కలిపి నెలకు ఎనిమిది వందలు ఎక్కువంటే హమాలీ ఇంట్లో చిన్న మాట కాదు. నా లెక్క ఇది. పాప స్నేహితులతో నడుస్తుంది, ఆమె ఆటో డబ్బు మొత్తం మిగులుతుంది. అందులోంచి బాబుకు పెరిగే నాలుగు వందలు కట్టి తక్కువ మందిని ఎక్కించుకునే ఆటో మాట్లాడండి, ఇంకా కాస్త చేతిలో మిగలొచ్చు. పాపకు నడిచే తోడు దొరకకపోతే మీ ఇప్పటి ఆటోలో పిల్లలను పంపే మిగతా ఇళ్లవాళ్లను ఒక సాయంత్రం కలవండి. వాళ్లకూ ఇదే గుబులు ఉంటుంది, ముందు ఎవరు అడగాలా అని చూస్తుంటారు. అందరూ తలా కొంచెం పెంచి, అతన్నే రెండు ట్రిప్పులు వేయమని అడగొచ్చు. అయితే ఇది, పాప చెప్పేది విన్నాకే. అతని వల్లే ఇబ్బంది అని ఆమె అన్నా, ఏమీ చెప్పకపోయినా ఈ దారి లేదు.

బాబు ఆటోలో ఒక్కడే అవుతాడు కాబట్టి మొదటి వారం వాడు బడికి చేరగానే ఎవరో ఒకరు మీ షాపుకు ఫోన్ చేసేలా చూసుకోండి. క్లాస్ టీచర్‌ను అడిగితే కాదనరు. పాపతో మాట్లాడాక, ఆమె ఒప్పుకుంటేనే, ఏం చెప్పిందో నాకు మళ్లీ రాయండి. అందులో పేర్లు, బడి పేరు, ఆటో నంబర్ ఏవీ రాయొద్దు.